ముసలవ్వ ముఖం తిప్పుకున్న బొమ్మ

నేను ఆరో తరగతి పూర్తిచేసిన ఎండాకాలంలో బాపు మహారాష్ట్రలోని భివండి నుంచి ఒక గోనెసంచి నిండా పాత బొమ్మల కథల పుస్తకాలు తెచ్చాడు. అంతకుముందు వచ్చినప్పుడల్లా దుప్పట్లో, స్టీలు గిన్నెలో తెచ్చేవాడు. ఒకసారి అలారం గడియారం తెచ్చాడు. ఆ ఏడు మా అమ్మ సంచి మూతి విప్పి లోపలికి చూసి, ఒక పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పింది. తర్వాత నెమ్మదిగా అడిగింది.

"గివి తింటరా, కట్టుకుంటరా?"

"సదువుతరు," అన్నాడు బాపు.

"ఎవలు?"

బాపు నా వైపు చూశాడు.

మాది సిద్దిపేటలో చేనేత పని చేసుకునే ఇల్లు. తాత గుంతమగ్గం మీద గొల్లభామ చీరలు నేసేవాడు. బాపుకూ ఆ పని వచ్చు కానీ, ఆ రోజుల్లో ఒక మగ్గం ఇంటిల్లిపాదినీ సాకలేకపోయేది. అందుకని మా వాడకట్టులోని సగంమంది మగవాళ్ల లాగే బాపు కూడా భివండి వెళ్లి సాంచాల మీద, అంటే కరెంటుతో నడిచే మగ్గాల మీద పనికి కుదిరాడు. ఆయన ఉండే గది పక్కన చిత్తుకాగితాల దుకాణం ఉండేదట. అక్కడ తూకానికి అమ్మే పుస్తకాల్లోంచి బొమ్మలు బాగున్నవి ఏరి తెచ్చాడు.

అన్నీ హిందీ పుస్తకాలే. అక్కడొక చిక్కు వచ్చింది. బాపు హిందీ గలగలా మాట్లాడతాడు, కానీ ఆ అక్షరాలు రావు. ఆయన నాలుగో తరగతి వరకు తెలుగులో చదివి మగ్గం గుంతలోకి దిగిన మనిషి. నాకేమో బళ్లో ఆ ఏడే హిందీ మొదలైంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదవగలను, అర్థం మాత్రం ఒక్క ముక్క తెలియదు. రెండు రోజులు బొమ్మలు మాత్రమే చూశాను. మూడో రోజు బాపే ఉపాయం చెప్పాడు.

"నువ్వు సదువు బిడ్డా. నేను ఇంట. ఇని చెప్త."

అట్లా చదివాం ఆ సంచెడు పుస్తకాలు. కళ్లు నావి, చెవులు ఆయనవి. మధ్యాహ్నాలు వాకిట్లో వేపచెట్టు నీడ ఉన్నంతసేపు చదువు సాగేది. అమ్మ పక్కనే రాట్నం ముందేసుకుని నూలు కండెలు చుడుతూ, వింటున్నట్టు కనపడకుండా వినేది.

ఆ పుస్తకాల్లో ఒకటి అన్నింటికంటే లావుగా ఉండేది. అట్ట మీద ఆకుపచ్చ బట్టలు, నారింజ రంగు ముసుగు వేసుకున్న ఒక మనిషి పెద్ద ఇనుప గేటును భుజాల మీద మోస్తూ నిలబడి ఉన్నాడు. ఆయన పగలంతా నీళ్ల ఆఫీసులో గుమాస్తా. రోజూ ఆలస్యంగా వస్తాడని అందరూ తిడతారు. ఊరికి ఆపద వస్తే మాత్రం ముసుగు తొడుక్కుని ఆకాశంలో ఎగురుతాడు. పుస్తకంలో ఆయనకొక గంభీరమైన పేరు ఉండేది కానీ మా ఇంట్లో ఆయన పేరు గేటాయన.

కథ ఇది. ఒక దుర్మార్గుడు డ్యాము గేటు గొలుసులు తెంపేస్తాడు. గేటాయన ఎగిరి వచ్చి పడబోతున్న గేటును భుజాల మీద పట్టుకుంటాడు. కింద ఊరు ఖాళీ అయ్యేదాకా కదలడానికి లేదు. ఎన్నో పేజీలు ఆయన అట్లాగే నిలబడి ఉంటాడు. ఎగరడం వచ్చిన మనిషికి నిలబడడమే పరీక్ష కావడం నాకు భలే నచ్చింది. జనం మూటలు నెత్తిన పెట్టుకుని పోతుంటారు. అందరికంటే వెనకబడ్డ ఒక ముసలవ్వ ఆగుతుంది. చంకలో ఉన్న కుండ దించకుండానే మెట్లెక్కి ఆయన దగ్గరికి వస్తుంది. ఆయన రెండు చేతులూ గేటు కిందే ఉన్నాయి. నోటి మీద ముసుగు ఉంది. ముసలవ్వ ఒక వేలితో ముసుగును ముక్కు దాకా లేపి, కుండ వంచి నీళ్లు పోస్తుంది. ఆ బొమ్మలో ఆమె తల మాత్రం అటువైపు తిరిగి ఉంటుంది. సగం నీళ్లు ఆయన నోట్లో, సగం గుండెల మీద పడుతుంటాయి.

బొమ్మ పైన చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉంది. కూడబలుక్కుని చదివాను. బాపు చెయ్యి చాపాడు. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని బొమ్మను దగ్గరగా చూశాడు.

"ఏమని ఉంది బాపు?"

"ఆమె సూస్తలేదు బిడ్డా."

"ఎందుకు సూస్తలేదు?"

"ఆయన ముసుగెందుకు ఏసుకున్నడు? తానెవరో తెల్వొద్దనే గద. నీళ్లు పోయాల్నంటె ముసుగు లేపాలె. లేపితే మొహం కనవడ్తది. గందుకే ఆమె అటు తిరిగింది. దూప తీర్చాలె గని గుట్టు సూడొద్దు."

అమ్మ రాట్నం ఆపింది. "మంచి ముసలవ్వ," అని, మళ్లీ తిప్పడం మొదలుపెట్టింది.

బాపు భివండికి వెళ్లిపోయాక ఆ కథను నేను బళ్లో చెప్పాను, బావి దగ్గర చెప్పాను, పెళ్లిళ్లలో నా వయసు పిల్లలు దొరికిన చోటల్లా చెప్పాను. జగదేవ్‌పూర్‌లో ఉండే మేనత్త కొడుకు, చదివి ఇస్తానని పుస్తకం తీసుకుపోయాడు. అది మళ్లీ మా ఇంటికి రాలేదు. నాకు అంత బాధ కూడా కలగలేదు. కథ నోట్లోనే ఉంది కదా అనుకున్నాను.

రెండేళ్లకు బాపు భివండి మానేసి వచ్చి తాత మగ్గం మీద కూర్చున్నాడు. గొల్లభామ చీరలకు మళ్లీ అడిగేవాళ్లు దొరికారు. మగ్గం ఉన్న ఇంటికి వచ్చీపోయే మనుషులు ఎక్కువ. నూలు తెచ్చేవాళ్లు, మగ్గం అచ్చు సరిచేసేవాళ్లు, ఊరికే కూర్చునేవాళ్లు. వాళ్లందరికీ బాపు నేస్తూ నేస్తూ గేటాయన కథ చెప్పేవాడు. నూలు కండె పెట్టిన నాడె అటూ ఇటూ ఆడుతుంటే కథ నడిచేది. గేటు దగ్గరికి రాగానే మగ్గం ఆపేసేవాడు. చేతులు పైకెత్తి, మెడ వంచి చూపించేవాడు. ముసలవ్వ వచ్చే వరకు ఆ చేతులు దించేవాడు కాదు. వినేవాళ్లకే భుజాలు నొప్పి పుట్టేవి.

కొన్నాళ్లకు ఆ కథ మా వాడకట్టు మాటల్లో కలిసిపోయింది. ఇంటి బరువంతా ఒక్కడే మోస్తున్న మనిషిని చూసి "గేటు మోస్తుండు పాపం" అనేవారు. ఎక్కడి గేటు అని అడిగేవాళ్లు కూడా లేకుండా పోయారు. ఒకసారి పక్కింటావిడ సందేహిస్తూ మా గడపలో నిలబడితే, అమ్మ నన్ను లోపలికి పిలిచి చాటలో బియ్యం పోసి ఇచ్చింది. "ముసలవ్వ లెక్క ఇయ్యి," అంది చిన్నగా. నాకు అర్థమైంది. బయటికి వచ్చి, గోడ మీదున్న తొండను చూస్తూ బియ్యం ఆమె కొంగులో పోశాను. కొన్ని గింజలు కింద పడ్డాయి. ఇద్దరం వాటి సంగతి ఎత్తలేదు.

నేను డిగ్రీ చదివేటప్పుడు ఊళ్లో ఒక ముసుగు వీరుడి సినిమా ఆడింది. చూసి వచ్చినవాళ్లు అందులో గేటాయన ఉన్నాడని బాపుకు చెప్పారు. "గేటు గాదు, బస్సు. గని ముసలవ్వ ఉన్నది," అని ఒకాయన వివరం ఇచ్చాడు. మర్నాడు మగ్గం ఆపి, బాపు, అమ్మ, నేను, ఇంకా వాడకట్టువాళ్లు ఏడెనిమిది మంది మధ్యాహ్నం ఆటకు వెళ్లాం.

సినిమాలో వంతెన మీంచి సగం వేలాడుతున్న బస్సును వీరుడు పట్టుకుని నిలబడ్డాడు. చల్లకుండతో ఒక ముసలవ్వ వచ్చింది. బాపు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆమె ముసుగు లేపింది. చల్ల పోసింది. తల పక్కకు తిప్పింది. మా వరసలో అందరం ముందుకు వంగి చూస్తున్నాం. అప్పుడు కెమెరా ఆమె ముఖం మీదికి వచ్చింది. ఆమె బోరున ఏడుస్తోంది. చచ్చిపోయిన కొడుకు గుర్తొచ్చి, ఆ కన్నీళ్లు కనపడకూడదని తల తిప్పుకుందట. వెంటనే పాట మొదలైంది.

బాపు లేచి నిలబడ్డాడు.

"గట్ల గాదు," అన్నాడు, తెర వైపు చెయ్యి చూపించి.

"కూసో పెద్దమనిషి, బొమ్మ కనవడ్తలేదు," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

బాపు కూర్చోలేదు. వెనక్కి తిరిగి, ఆ మాట అన్నాయనకే చెప్పడం మొదలుపెట్టాడు. "అన్నా, గామె ఏడువది. ఏడ్సుటానికి తిరగలే. గాయిన మొహం సూడొద్దని తిరిగింది." నేను సిగ్గుతో సీట్లోకి కుంగిపోయాను. అమ్మ మాత్రం నిదానంగా పల్లీలు ఒలుస్తూ, "చెప్పనీ, పాటనే గద నడుస్తుంది," అంది. ఇంటర్వెల్‌లో చాయ్ బండి దగ్గర బాపు చుట్టూ పది మంది చేరారు. బాపు చేతులు పైకెత్తి గేటు మోసి చూపించాడు. చాయ్ పోసే ఆయన జాలి గరిటె గాల్లోనే ఆపేసి విన్నాడు. అంతా అయ్యాక ఒక యువకుడు గౌరవంగా అడిగాడు: "మీరు ఈ సినిమాకు కథ రాసినోళ్లా?"

"లేదు," అన్నాడు బాపు. "రాసినోల్లకంటె ముందు ఇన్నోన్ని."

అప్పటి నుంచి ఆ ముసలవ్వ నాకు ఎక్కడ చూసినా కనపడేది. ఆ హిందీ పుస్తకం మా ఒక్క ఇంటికే వచ్చింది కాదు గదా. దేశమంతా చదివి ఉంటుంది. చిన్నప్పుడు చదివినవాళ్లు పెద్దవాళ్లై సినిమాలు తీస్తున్నారు, సీరియళ్లు రాస్తున్నారు. ఆ బొమ్మ వాళ్ల తలలోనూ ఉండిపోయింది. కాకపోతే ఆ తల ఎందుకు తిరిగిందన్నది ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. ఒక టీవీ సీరియల్‌లో ముసుగు వేసుకున్న పోలీసాయనకు వంటమనిషి నీళ్లు పోస్తూ తల తిప్పుకుంది. ఎందుకు తిప్పుకుందో చెప్పడానికి రెండు వారాలు తీసుకున్నారు. చివరికి ఆయన ఆమెకు జాతరలో తప్పిపోయిన కొడుకని తేలింది. అమ్మ ఒక్క రోజు కూడా మానకుండా చూసింది, చూస్తూనే విసుక్కుంది. "అన్ని దినాలు చెంబు గట్లనే పట్టుకుంటె వాడు దూపతోనే సావడా," అనేది.

నా కూతురు చిన్నప్పుడు ఫోనులో చూసిన ఒక కార్టూనులో వీరుడు అంతరిక్షంలో ఓడ తలుపు మోస్తున్నాడు. ఒక బామ్మ సంచిలోంచి జ్యూసు పిండి అతని నోట్లో పోస్తోంది. ఆమె తల తిప్పింది, పెంపుడు పిల్లి గాల్లో తేలిపోతుంటే చూడడానికి. నా కూతురు పడీపడీ నవ్వింది. నేను ఫోను ఆపి కూర్చోబెట్టి, అసలు కారణం అది కాదని చెప్పాను.

"ఎవరు చెప్పిన్రు?" అంది.

"తాత."

"తాతకెవరు చెప్పిన్రు?"

"పుస్తకంలో ఉంది," అన్నాను, ఇంకో మాటకు తావు లేకుండా.

నేను నారాయణరావుపేట దగ్గర ఒక ఆడపిల్లల బళ్లో తెలుగు చెబుతాను. ఒక కథ ఎన్ని చేతులు మారుతుందో, మారినప్పుడల్లా ఏం పోగొట్టుకుంటుందో, ఏం తెచ్చుకుంటుందో చెప్పాల్సి వచ్చినప్పుడు ప్రతి ఏడూ గేటాయన కథనే తీసుకునేదాన్ని. సినిమా సంగతి, సీరియల్ సంగతి, పిల్లి సంగతి చెప్పి నవ్వించేదాన్ని. చివర్లో, అసలు పుస్తకంలో మాత్రం ముసలవ్వ గుట్టు కాపాడటానికే తల తిప్పుకుందనీ, తర్వాతివాళ్లెవరికీ ఆ మర్యాద అర్థం కాలేదనీ చెప్పేదాన్ని. ఆ మాట చెప్పేటప్పుడు నా గొంతులో కొంచెం గర్వం ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

పోయిన ఏడు తొమ్మిదో తరగతి పిల్లలు బడి పండుగకు దాన్ని నాటకంగా వేస్తామన్నారు. అట్టపెట్టెలకు వెండి రంగు కాగితం అంటించి గేటు చేశారు. అందరికంటే సన్నగా ఉన్న అమ్మాయి గేటాయన వేషం కావాలని పట్టుబట్టి తీసుకుంది. ముసలవ్వ వేసే అమ్మాయి రిహార్సల్ మొదటి రోజే నన్ను అడిగింది.

"మేడం, నేను మొహం అటు తిప్పితే నీళ్లు ఏడ పడ్తున్నయో ఎట్ల తెలుస్తది?"

"తెలియకుండానే పొయ్యాలి."

ఆమె తెలియకుండానే పోసింది. నీళ్లు గేటాయన ముక్కులోకి పోయి, ఆ పిల్ల గేటు వదిలేసి తుమ్ముతూ కూర్చుంది. డ్యాము తెగింది. అప్పుడిక బాపును తీసుకురావాల్సి వచ్చింది. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి, నా స్కూటీ వెనక కూర్చుని మూడు రోజులు రిహార్సల్‌కు వచ్చాడు. "సప్పుడు ఇను బిడ్డా," అని ముసలవ్వకు నేర్పాడు. "నోట్ల పడ్డ నీళ్ల సప్పుడు ఏరు, బట్టల మీద పడ్డ సప్పుడు ఏరు. కన్నుతోని గాదు, చెవుతోని పొయ్యి." రెండో రోజుకల్లా ఆ అమ్మాయికి పట్టు దొరికింది.

పండుగనాడు నాటకం బాగా నడిచింది. ముసలవ్వ తల తిప్పుకున్నప్పుడు తల్లిదండ్రుల్లోంచి "అబ్బ" అన్న శబ్దం వినపడింది. బాపు ముందు వరసలో కూర్చుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా చూశాడు.

ఆ ఏడే మా బడికి బదిలీ మీద వచ్చిన హిందీ మేడం నాటకం అయ్యాక నా దగ్గరికి వచ్చింది. హైదరాబాదు మనిషి. "ఆ పుస్తకం మా అన్న దగ్గర ఉంది మేడం," అంది. "చిన్నప్పటివన్నీ బైండు చేయించి దాచుకున్నాడు. నేనూ చదివాను. కానీ మీరు చెప్పినట్టు ఉన్నట్టు నాకు గుర్తు లేదు." నేను నవ్వాను. గుర్తుండకపోవడం సహజమే అన్నాను.

పది రోజుల తర్వాత ఆమె ఎర్ర అట్ట వేసిన లావు బైండు ఒకటి తెచ్చి స్టాఫ్‌రూములో నా బల్ల మీద పెట్టింది. అదే ఆకుపచ్చ, అదే నారింజ రంగు. ఇన్నేళ్ల తర్వాత చూస్తుంటే గేటాయన నాకంటే చిన్నవాడిగా కనిపించాడు. పేజీలు తిప్పుకుంటూ ఆ బొమ్మ దగ్గరికి వచ్చాను. పైన చిన్న అక్షరాల వాక్యం అట్లాగే ఉంది. ఇప్పుడు నాకు హిందీ వచ్చు. ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు.

"రెండో గేటు కూడా విరుగుతోందేమోనని ముసలిది భయంతో వెనక్కి తిరిగి చూసింది."

అంతే ఉంది. గుట్టు లేదు, మర్యాద లేదు. తర్వాతి పేజీలో ఆమె కుండ అక్కడే పడేసి పరుగెత్తింది. ఆ పేజీ నాకు అసలు గుర్తే లేదు.

మొదట నవ్వొచ్చింది. తర్వాత చెవులు వేడెక్కాయి. ఎన్ని తరగతులకు చెప్పాను. సినిమావాళ్లను, సీరియల్‌వాళ్లను ఎంత ధీమాగా తప్పుపట్టాను. పైగా ఆ వాక్యాన్ని పైకి చదివింది నేనే, నా నోటితోనే. హిందీ మేడం నా ముఖం చూసి, "మీ నాన్నగారు సరిగా వినలేదేమో," అంది జాలిగా. కానీ బాపు హిందీ నాకు తెలుసు. మార్కెట్‌లో ఎవరైనా హిందీలో గొణిగినా ఆయనకు స్పష్టంగా వినపడేది.

ఆదివారం పొద్దున బాపును కోమటిచెరువు కట్ట మీదికి నడకకు తీసుకుపోయాను. రెండు చుట్లు తిరిగే మనిషి ఇప్పుడు సగం చుట్టుకే బెంచీ చూసుకుంటున్నాడు. కూర్చున్నాక సంచిలోంచి బైండు తీశాను. ఆయన అట్టను తడిమి చూసి గుర్తుపట్టాడు. నేను ఆ పేజీ తెరిచి, ఆరో తరగతిలో చదివినట్టే ఆ హిందీ వాక్యాన్ని పైకి చదివాను. ఈసారి కూడబలుక్కోలేదు.

"మంచిగ సదివినవ్," అన్నాడు బాపు.

"బాపు, గిందుల గిట్ల ఉన్నది. నువ్వు గట్ల చెప్పినవ్."

"ఊఁ."

"అప్పుడు సరిగ ఇనలేదా?"

"ఇన్న బిడ్డా. మంచిగనే ఇన్న." పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. "గేటు ఇరుగుతదని బయపడ్డ ముసలవ్వ నాకు నచ్చలే. నాకు ఇంకో ముసలవ్వ ఎరుక."

అప్పుడు చెప్పాడు, అంతకుముందు ఎన్నడూ మాకు చెప్పని సంగతి. భివండి వెళ్లిన రెండో ఏడు ఆయనకు జ్వరం వచ్చింది. గదిలో ఉండేవాళ్లంతా పొద్దుటి షిఫ్టుకు పోతే ఒక్కడే చాప మీద పడి ఉన్నాడు. లేచి కుండ దాకా పోయే ఓపిక లేదు. ఎదురింట్లో ఒక ముసలమ్మ ఉండేది, పర్దా పాటించే ముస్లిం ఇంటి మనిషి. ఏడాది నుంచి ఎదురెదురుగా ఉన్నా ఆమె ముఖం ఎవరూ చూసి ఎరగరు. ఆయన దగ్గు విని ఆమె చెంబుతో నీళ్లు తెచ్చింది. ముఖం మీద కొంగు కప్పుకుని, తల గోడ వైపు తిప్పుకుని గుమ్మంలో నిలబడింది.

"నేను గిలాస పట్టిన. ఆమె అటు మొహం పెట్టి పోసింది. నిండే సప్పుడు ఇని ఆపింది. మూడు దినాలు గట్లనే పోసింది. గంజి గూడ గట్లనే ఇచ్చింది. ఒక్క మాట మాట్లాడలే. ఆమె నన్ను సూస్తలేదని నేననుకున్న. నేను ఆమెను సూడొద్దని ఆమె అనుకున్నదేమో. ఏదైతేంది, నేను బతికిన."

"మాకెందుకు చెప్పలేదు?"

"జరం వచ్చిందని చెప్తె మీ అమ్మ మల్ల పోనిస్తదా?" అని నవ్వాడు. "నువ్వు గా బొమ్మ నా ముంగట పెట్టినవ్. ఆమెనే కనవడ్డది. పుస్తకంల ఉన్నదే చెప్పాల్నా, నాకు తెల్సిందే చెప్పాల్నా? అప్పటికి గదే మంచిగనిపించింది."

నేను కోపంగా ఉండాలని ప్రయత్నించాను. కుదరలేదు. ఇన్నాళ్లూ నేను తప్పుపట్టిన వాళ్లందరూ గుర్తొచ్చారు. సినిమా తీసినాయన ఇంట్లో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఎవరైనా ఉందేమో. కార్టూను గీసిన వాళ్లింట్లో చెప్పిన మాట వినని పిల్లి ఉందేమో. అందరూ ఆ ఒక్క బొమ్మలోకి తమవాళ్లను తెచ్చి నిలబెట్టారు. బాపు అందరికంటే ముందు నిలబెట్టాడు, అంతే తేడా. ఆ మాట బాపుతో అంటే, "గది గాదు, మనదే మంచిగున్నది," అన్నాడు. ఆ విషయంలో మాత్రం వెనక్కి తగ్గలేదు.

ఇంటికి వచ్చాక అమ్మకు జ్వరం సంగతి చెప్పేశాను. ఇన్నేళ్లు దాచినందుకు అమ్మ ఆ పూట బాపుతో మాట్లాడలేదు. సాయంత్రం చాయ్ ఇస్తూ మాత్రం, "గా ముసలమ్మ పేరన్న అడగకపోతివి," అంది. 

సోమవారం తొమ్మిదో తరగతి ముందు నిలబడి నా తప్పు దిద్దుకున్నాను. పుస్తకంలో ఏముందో చదివి వినిపించాను. తర్వాత, బాపును అడిగి ఒప్పించుకున్న మేరకు, భివండి ముసలమ్మ సంగతీ చెప్పాను. పిల్లలు నా మీద జాలిపడతారనుకున్నాను. వాళ్లకు అంత తీరిక దొరకలేదు. అప్పటికే గొడవలో పడ్డారు. పుస్తకమే కరెక్టని కొందరు, తాతదే కరెక్టని కొందరు. ముసలవ్వ వేసిన అమ్మాయి లేచి, "మేడం, నేను వేసేటప్పుడు ఇంకోటి అనుకున్న," అంది. తనకు మెడ పట్టేసిందనుకుని వేసిందట. తరగతి గోలగోలైంది.

ఎవరికి తోచింది వాళ్లు గీసుకుని రమ్మన్నాను. వారంలో స్టాఫ్‌రూము గోడ నిండిపోయింది. ఒక బొమ్మలో ముసలవ్వ మేకను పిలుస్తోంది. ఒకదాంట్లో బస్సు వచ్చిందేమోనని చూస్తోంది. ఇంకొకదాంట్లో ఆమే దుర్మార్గుడి తల్లి, సిగ్గుతో తల తిప్పుకుంది. హిందీ మేడం ప్రతి బొమ్మ కిందా అదే వాక్యం హిందీలో రాసిపెట్టింది, అసలుది కూడా ఉండాలని.

బాపు చూస్తానంటే శనివారం స్కూటీ మీద తీసుకొచ్చాను. కళ్లద్దాలు సర్దుకుని, గోడ పొడుగునా ఒక్కొక్క బొమ్మ ముందూ ఆగి, పిల్లలు రాసిన తెలుగును పెదాలు కదుపుతూ చదివాడు. ఒక బొమ్మ దగ్గర ఆగి పెద్దగా నవ్వాడు. అందులో ముసలవ్వ ముసుగు కింద ముఖాన్ని ముందే చూసేసింది. నీళ్ల ఆఫీసు గుమాస్తా అని గుర్తుపట్టింది. మూడు నెలలుగా తన ఇంటి నల్లా బాగుచేయకుండా తిప్పుకుంటున్న మనిషి. అందుకే కోపంతో మూతి తిప్పుకుని, నీళ్లు మాత్రం పోస్తోంది.

"గిదెవలు గీసిన్రు?" అని అడిగాడు.

వెనక బెంచీలో కూర్చునే, ఎప్పుడూ నోరు విప్పని అమ్మాయిని పిలిపించాను. రంగు పెన్సిలు చేతిలో పట్టుకునే వచ్చింది. బాపు ఆమె తల మీద చెయ్యి వేసి, బొమ్మలోకి వేలు చూపించాడు.

"శాన మంచిగున్నది బిడ్డా. గని నల్లా తీసి బోరింగ్ పెట్టు. మా దిక్కు ముసలవ్వలు బోరింగ్ కాడనే కొట్లాడుతరు."

ఆ అమ్మాయి బొమ్మ వైపు చూసింది, బాపు వైపు చూసింది. కాసేపు నిజంగానే ఆలోచించింది.

"వద్దు తాతా," అంది. "మా ఇంటికాడ నల్లానే ఉన్నది. నల్లానే ఉండనీ."

"సరే," అన్నాడు బాపు. "నీ ముసలవ్వ, నీ ఇష్టం."

ఆమె గోడ దగ్గరికి వెళ్లి, నల్లాకు ఇంకా వేయని నీలం రంగు వేయడం మొదలుపెట్టింది. బాపు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని చూశాడు.